కార్నెల్ విసిరిన తువ్వాలు

మా తమ్ముడు కార్నెల్ నోట్లో నాలుక లేని మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, తలుపంత ఛాతీ. ఆ ఒంటికి తగ్గ కోపం మాత్రం దేవుడు ఇవ్వలేదు. అమెరికాలో మా మెంఫిస్ ఊళ్లో, తెల్లవాళ్ల పిల్లలు ఎక్కువగా చదివే బడిలో వంటవాడు. ఏ పిల్లకు వేరుశనగ పడదో, ఏ పిల్లాడు ఆకుకూర తినకుండా రొట్టె కింద దాచేస్తాడో వాడికి తెలుసు. పెద్ద వంటమనిషి దిగిపోగానే ఆ గరిటె నీదేనని ప్రిన్సిపాలమ్మ మాట ఇచ్చింది. ఈ లోకంలో వాడు కోరుకున్నది అదొక్కటే.

వాడు గోల చేసేది ఒకే సందర్భంలో. అదీ మా అందరికీ ఉన్న అలవాటే. మా నల్లవాళ్ల చర్చిలో ఎవరైనా గుండె కరిగేలా పాడితే మేం చప్పట్లు కొట్టి ఊరుకోం. "ఆపవే తల్లీ, ఇక చాలు!" అని కసురుతాం. విసనకర్రో, రుమాలో, చెప్పో, చేతికందింది పాడేవాళ్ల మీదికి విసిరి, లేచి బయటికి నడిచేస్తాం. అంతకు మించిన మెచ్చుకోలు మాకు లేదు. ఈస్టరు నాడు మా అమ్మ, ఆవిడ పేరు ఒడెస్సా, పాట పాడితే కార్నెల్ బూటు విసరాల్సిందే. లేకపోతే ఆవిడ ఆ రోజంతా మూతి ముడుచుకుంటుంది.

టీవీ వంటల పోటీకి వాణ్ణి పిలిచినప్పుడు పేటంతా మురిసిపోయింది. అక్కడ టీవీవాళ్లు వాణ్ణి రోజూ కెమెరా ముందు కూర్చోబెట్టి అడిగేవారట.

"పోటీలో ఆ పక్కామె నీ పొయ్యి వాడేసుకుందిగా, కోపం రాలేదా?"

"రాలేదండీ."

"మొహమాటపడకు. నీలా నువ్వుండు."

నీలా అంటే ఎవరిలా? ఆ కార్యక్రమం నేను ఏళ్లుగా చూస్తున్నాను. ప్రతిసారీ ఒక నల్లవాడు ఉంటాడు. అయితే అందరినీ నవ్వించే లావుపాటివాడు, లేదంటే అందరినీ భయపెట్టే లావుపాటివాడు. చొక్కా ముందే కుట్టి పెట్టుకుని, దానికి సరిపడే మనిషి కోసం వెతుకుతారు.

ఒకరోజు హెదర్ అనే తెల్లపిల్ల పీచ్ పళ్ల మీద పిండి పరిచి కాల్చే కాబ్లర్ అనే తీపి వంటకం చేసింది. వీడు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. అచ్చం మా అమ్మమ్మ చేతి రుచి. ఎక్కడున్నాడో మరిచిపోయి, బల్ల గుద్ది, "ఏం పిల్లవే నువ్వు! పో ఇక్కణ్ణుంచి!" అని అరిచి, భుజం మీది తువ్వాలు ఆమె మీదికి విసిరి బయటికి నడిచాడు. ఆ పిల్ల బిత్తరపోయి ఏడ్చింది. అది చూసి వీడు పరుగున తిరిగొచ్చాడు. "అయ్యో, మా చర్చిలో ఇది మెచ్చుకోలమ్మా" అని చెప్పాడు. ఆమె ఏడుస్తూనే నవ్వి వాణ్ణి కావలించుకుంది.

ఆ భాగం టీవీలో వేసినప్పుడు, అందులో వాడు తిరిగి రాలేదు. బల్ల, అరుపు, తువ్వాలు, ఆమె కన్నీళ్లు, వెనక గుండెలదిరే వాయిద్యం. అంతే. చూడ్డానికి మా ఇంటి నిండా జనం చేరారు.

"ఆ తర్వాతది ఏదిరా?" అంది అమ్మ.

"కోసేశారమ్మా."

మర్నాడు హెదర్ ఫోన్ చేసి సారీ చెప్పింది. నేను ఫోన్ లాక్కున్నాను. "ఆ ముక్క లోకానికి చెప్పు తల్లీ, మాకెందుకు?"

"మాట్లాడనని సంతకం పెట్టానండీ."

వీడూ పెట్టాడు. కానీ ఆమె నోరు మూసుకుంటే ఆమెకు పోయేదేమీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. మంగలి షాపులో మావాళ్లే "తువ్వాళ్లు దాచండ్రోయ్, కార్నెల్ వస్తున్నాడు" అని నవ్వారు. వీడూ నవ్వాడు పాపం.

బడికి వెళ్తే ప్రిన్సిపాలమ్మ గదిలోకి పిలిచింది. "నువ్వేంటో నాకు తెలుసు కార్నెల్. తల్లిదండ్రులే భయపడుతున్నారు."

"వాళ్ల పిల్లల కడుపు ఇన్నేళ్లుగా నేనే నింపానండీ."

"అందుకేగా ఉద్యోగం తీసెయ్యలేదు."

గిడ్డంగికి మార్చేశారు. ఇప్పుడు లారీల నుంచి బంగాళాదుంపల బస్తాలు దించుతాడు. అక్కడ పిల్లలుండరు. గరిటె ఇంకెవరికో వెళ్లింది.

ఈస్టరు వచ్చింది. ఆ రోజు అమ్మ పాడినట్టు నేనెప్పుడూ వినలేదు. విసనకర్రలు లేచాయి, టోపీలు ఎగిరాయి, నా చెప్పు నేనే విసిరాను. కార్నెల్ మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

బయటికొచ్చాక అమ్మ వాడి గడ్డం పట్టుకుంది. "ఏం నాన్నా, బాగా పాడలేదా?"

"చాలా బాగా పాడావమ్మా" అన్నాడు వాడు. "వెనక ఎవరో ఫోన్లో తీస్తున్నారు."