పక్క మార్చే మేడమ్

మా మరదలు వాదనకు దిగితే ఆసుపత్రి లిఫ్టు కూడా ఆగి వినేదని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆ లిఫ్టు మామూలుగానే ఆగిపోతూ ఉండేదన్న సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. ఆమె నా భార్యకు చెల్లెలు, నర్సింగ్ కాలేజీలో ప్రొఫెసర్. విద్యార్థులు చాటుగా ‘పక్క మార్చే మేడమ్’ అనేవారు. మంచానపడి ఒక్క పక్కకే ఉండిపోయే రోగులకు వీపు మీద, తుంటి మీద పడే పుండ్లే ఆమె జీవితకాలపు చదువు.

ఆ చదువు మా మామగారి మంచం దగ్గర మొదలైంది. పక్షవాతం వచ్చిన ఆయన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నామనుకున్నాం. ఒకనాడు దుప్పటి తీసి చూస్తే నడుము కింద చర్మం చితికిపోయి ఉంది. ఆ పుండు మానకముందే ఆయన పోయారు. అప్పటికి నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న మా మరదలు ఏడవలేదు. “ఆయన్ని తిప్పాలని మనకెవరికీ తట్టలేదు బావా” అని మాత్రం అంది.

తర్వాత ఆమె వాలుగా కోసిన స్పాంజి దిండు ఒకటి తయారు చేయించింది. భుజం కింద, తుంటి కింద పెడితే రోగి కాస్త ఒరిగి ఉంటాడు. అలా తిప్పడానికి ఒక్క నర్సు చాలు. పెద్దాసుపత్రిలో పరీక్షించింది. దిండు పెట్టిన ప్రతి మంచం పక్కనా ఒక విద్యార్థిని కూర్చుని చర్మం రంగు రాసుకునేది. దిండు లేని మంచాల సంగతి వార్డు రికార్డుల్లో చూసుకున్నారు. దిండు ఉన్నచోట పుండ్లు సగానికి పైగా తగ్గాయి. దాని మీద ఆమె రాసిన వ్యాసం పేరున్న పత్రికలో అచ్చయింది. కాన్వెంటులో సిస్టర్ల బెత్తం కింద నేర్చిన ఇంగ్లీషుతో అందులో కామాలు దిద్దింది నేనే. వాటివల్లే అచ్చయిందని నా గట్టి నమ్మకం.

దిండు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఎక్కడెక్కడి పరిశోధకులో ఆమె వ్యాసాన్ని ఉదహరించారు. ఆమె విభాగాధిపతి అయింది. ఆసుపత్రులు దిండ్లు కొని, వాటిని చూపించి వార్డుల్లో నర్సులను తగ్గించాయి. ఈ చివరి సంగతి అప్పట్లో మేమెవరం పట్టించుకోలేదు.

చాలా ఏళ్లకు ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి అదే పరీక్ష మళ్లీ చేసింది. బక్కగా, బెదురుగా ఉండే ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవారు. ఈసారి మంచాల పక్కన ఎవరూ కూర్చోలేదు. రోజుకోసారి వెళ్లి చర్మాన్ని ఫోటో తీశారు, అంతే. దిండు ఉన్నా లేకున్నా పుండ్లు ఒకేలా పడ్డాయి.

“దిండు తిరగేసి పెట్టుంటావే” అంది మా మరదలు.

“లేదు మేడమ్.”

“అయితే స్పాంజి పాతదై ఉంటుంది.”

“కొత్తవే మేడమ్. కవర్లు నేనే విప్పాను.”

నమ్మకం కుదరక ఆమే వార్డుకు వెళ్లి ఒక మంచం పక్కన కూర్చుంది. రోగి నీళ్లడిగితే ఇచ్చింది. ముడతపడ్డ దుప్పటి సర్దింది. తడిసిన గుడ్డ మార్చింది. నడుము లాగుతోందంటే అటు తిప్పింది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి. అప్పటి విద్యార్థినులూ ఇవన్నీ చేసే ఉంటారు. రోగి మూలుగుతుంటే నర్సు పిల్ల రంగు రాసుకుంటూ కూర్చుంటుందా? పుండ్లను ఆపింది ఆ పిల్లల చేతులు. పేరు మాత్రం దిండుకు వచ్చింది.

అక్కణ్ణించి నేరుగా మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

“నా మాట నమ్మి నర్సుల్ని తీసేశారు బావా. ఆ మంచాల మీద ఎంతమంది...” అంది. వేళాకోళానికి తెరిచిన నోరు మూసుకున్నాను.

కొత్తగా పెడుతున్న పరిశోధన కేంద్రానికి ఆమెను డైరెక్టరుగా వేయబోతున్నారు. నా భార్య టీ అందిస్తూ, “ఇప్పుడు నోరు విప్పావంటే ఆ పదవి పోతుంది. రిటైరయ్యాక చెప్పుకోవే” అంది.

“అందాకా పుండ్లు ఆగుతాయా అక్కా?”

కొన్నాళ్లకు నేను మా మరదలి ఇంట్లో ఉండగా పిచ్చుక తన థీసిస్‌లోని ఒక అధ్యాయం పట్టుకొచ్చింది. ‘గతంలోని కొన్ని అధ్యయనాలతో ఈ ఫలితాలు పూర్తిగా ఏకీభవించకపోవచ్చు’ అని ఉంది అందులో.

“ఎవరివే ఆ కొన్ని అధ్యయనాలు?”

“మీవే మేడమ్.”

“మరి నాకు పేరు లేదూ?”

“భయమేసింది మేడమ్.”

“దిండున్న మంచాల దగ్గరే మనుషుల్ని కూర్చోబెట్టింది, అక్కడే పొరబడింది అని నా పేరు పెట్టి రాయి.”

“నా చేత్తో ఎలా రాస్తాను మేడమ్?”

“సరే, ముందు నేనే రాసి అచ్చేయిస్తాను. నువ్వు నన్ను ఉదహరించు.” అని నాకేసి తిరిగి, “బావా, ఈసారి నీ కామాలు తగ్గించు. ఎక్కడా ఆగకుండా చదవాలి” అంది.

అదే పత్రికలో తన తప్పు తానే ప్రకటించింది. డైరెక్టరు పదవి వేరొకరికి పోయింది. ఆసుపత్రి సమావేశంలో సూపరింటెండెంట్ మండిపడ్డాడు. “దిండ్లన్నీ కొనిపించి ఇప్పుడా చెప్పడం మేడమ్? వాటినేం చేసుకోమంటారు?”

“తల కింద పెట్టుకోమనండి సార్. తీసేసిన నర్సుల్ని మాత్రం వెనక్కి పిలవండి.”

ఎంతో తిరిగితే ఒక్క వార్డులో నర్సులను పెంచారు. అక్కడ పుండ్లు తగ్గడం పిచ్చుక లెక్కకట్టి చూపించింది. ఇప్పుడు ఎక్కువమంది ఉదహరించేది ఆ థీసిస్‌నే. మిగతా వార్డుల కోసం అర్జీలు పెడుతూనే మా మరదలు రిటైరైంది.

ఆ తర్వాత ఎక్కడ ఉపన్యాసానికి పిలిచినా ముందు ఆ తప్పు గురించే చెప్పేది. ఒకసారి నేనూ వెళ్లాను. ముందు వరుసలో ఆసుపత్రుల పెద్దలున్నారు. చివర్లో చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

“మీ వార్డుల్లో ఒక్కో నర్సు ఎన్ని మంచాలు చూస్తోంది?”

జవాబు వచ్చేదాకా ఆమె మైకు దగ్గరే నిలబడింది.