దారం కట్టిన ఆల్చిప్పలు

ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా కూర్చున్న సంగతి ఇది. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా నోరు పెగల్లేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

రాయపూర్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చదివేటప్పుడు సుగుణ నా ప్రాణస్నేహితురాలు. ఇద్దరివీ ఆంధ్రా నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలే. సముద్రం లేని ఊళ్లో ఉండి ఆమె ఆల్చిప్పల మీద ప్రాజెక్టు చేసింది. వాళ్ల నాన్నతో కాకినాడ ఒడ్డున ఏరినవి. ఆయనే ఏ జతకా జత దారంతో కట్టి ఇచ్చారు. ఆ తర్వాత కొద్దిరోజులకే పోయారు.

చిప్ప మీది గీతలు, లోపల కండరం అంటిన మచ్చ, కీలు దగ్గరి పళ్లు చూసి అది ఏ జాతిదో తేల్చాలి. రెండు చిప్పల పళ్లూ ఒకదాంట్లో ఒకటి ఇమిడితేనే అవి ఒకే జీవివి.

వైవా ముందురోజు బొమ్మ వేసుకుంటానని ఒక జత అడిగి తెచ్చుకున్నాను. చెయ్యి జారింది. ఒక చిప్ప ముక్కలైంది. చెప్పేస్తే పోయేది! ఏడ్చేది, తిట్టేది, అంతే. నాకు ధైర్యం చాల్లేదు. ల్యాబ్ డబ్బాలోంచి అలాంటి గీతలే ఉన్న ఇంకో చిప్ప తీసి, అదే దారంతో కట్టి ఇచ్చేశాను. పళ్లు చూడలేదు. చూశానా? ఏమో, చూసి కూడా ఎవరు పట్టించుకుంటారులే అని సర్దిచెప్పుకున్నానేమో.

ఎగ్జామినరు దారం విప్పి రెండూ కలిపి నొక్కాడు. అతకలేదు. "యే జోడీ నకలీ హై," అన్నాడు. దొంగ నమూనా పెట్టిందని ప్రాజెక్టు మొత్తం కొట్టేశారు. నేను పక్కనే ఉన్నాను. పెదవి కదపలేదు.

వరండాలో సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "ఏమే, నాన్నే గల్తీగా కట్టాడంటావా?"

"అయ్యుంటుందిలే," అన్నాను.

ఏ నోటితో అన్నాను ఆ మాట? చచ్చిపోయిన మనిషి మీదకు తోసేశానే! సుగుణ మళ్లీ కాలేజీ మెట్లెక్కలేదు. మిగతా చిప్పలన్నీ చెత్తలో పారబోసిందని వాళ్లమ్మ చెప్పింది. నేను పాసయ్యాను. టీచరునయ్యాను.

ఆమె ఇప్పుడు రాయపూర్ పక్కనే ఉర్లాలో ఏదో ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తోంది. నంబరు ఉంది. ఫోను తీస్తాను, పెట్టేస్తాను. చెబితే పోయిన చదువు వస్తుందా? పారబోసినవి వస్తాయా? చెప్పకుండా ఎలా చావను? ఏం చెయ్యను, చెప్పండి!

సుగుణా, మీ నాన్న సరిగ్గానే కట్టాడే. పగలగొట్టింది నేను.

ఈ మాట కాగితం దాకా వచ్చింది. ఆమె దాకా ఇంకా వెళ్లలేదు. కానీ రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.