మూడో భాగంతో మొదలైన కథ

పసిపిల్లల నోట జ్ఞానం పలికించే దేవునికి స్తోత్రం!

మంచిర్యాలలో పిల్లలకు కథ చదివి చెప్పే పోటీ పెట్టారు. చీటీలో మా రూతుకు అంతరిక్షం బొమ్మల కథ వచ్చింది, అదీ మూడో భాగం. అందులో చచ్చినవాడు మళ్లీ మాట్లాడతాడు, ఒకే మనిషి ఇద్దరై తిరుగుతాడు. వేదికపై రూతు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పింది. పిల్లలు నవ్వారు.

అంతలో రూతు వేళ్లు మడుస్తూ, "ఎవరు? ఎవరితోటి? ఎందుకు?" అని గొణుక్కుని, కథంతా చిక్కు విప్పి చెప్పింది.

"ముందటి భాగాలు చదివినవా బిడ్డా?" అని టీచర్ అడిగారు.

"లే టీచర్. సండే స్కూల్ల మా అవ్వ ఏ బైబిల్ వాక్యం తీసినా ముందుగాల గీ మూడే అడుగుమంటది."

ఆ అవ్వ నేనే. వెనక వరుసలో కన్నీళ్లాగలేదు.

"గా మొదటి రెండు భాగాలు ఏడ దొరుకుతయే అవ్వా?" అని ఇంటికొచ్చే దారంతా పోరు పెట్టింది. అవి దొరకాలని మీరూ మాతో ప్రార్థించండి.