పోలిక మట్టి

ఊరంతా ఆమెను మట్టక్క అంటుంది. యుద్ధం ఆగాక ఏ పెరట్లో ఎంత విషం మిగిలిందో తేల్చే పరిశోధన కేంద్రంలో మట్టి తెచ్చి, ఆరబెట్టి, జల్లించడం ఆమె ఉద్యోగం. అసలు యంత్రం బాంబుదాడిలో కాలిపోయింది. అందుకని రెండు గాజు గొట్టాల్లో మట్టినీళ్లు పోసి, మందు కలిపి, రంగులు పోల్చి చూస్తారు. ఒకటి గుండ్లు పడిన చోటిది, ఒకటి పడని చోటిది. రెండు రంగులూ ఒకేలా ఉంటే ఆ ఇంటివాళ్లు తిరిగి వెళ్లొచ్చు. పోలిక మట్టి ఎప్పుడూ మట్టక్క దొడ్లోదే. వాళ్ల వీధిలో ఒక్క గుండూ పడలేదు.

ఇల్లు దెబ్బతిన్న దగ్గర్నుంచి చెల్లెలు, ఆమె కూతురు మట్టక్క దగ్గరే ఉంటున్నారు. ఆ రోజు పరీక్ష చెల్లెలి పెరటికి.

"ఎలాగైనా పాస్ చేయించక్కా. బావ గురక కంటే ఆ గుండ్లే నయం" అని సాగనంపింది చెల్లెలు.

రెండు గొట్టాలూ ఒకే రంగుకు తిరిగాయి.

"సామాను సర్దుకోమనండి మీ చెల్లెల్ని" అన్నాడు కెమిస్టు.

మట్టక్కకు నమ్మకం కుదరలేదు. ఆ పెరట్లోంచి గుండు పెంకులు తన చేత్తోనే ఏరింది. ఆ మట్టీ తన దొడ్డి మట్టీ ఒకటెలా అవుతాయి? యుద్ధానికి ముందు సీలు వేసిన పాత మట్టి సీసా ఒకటి బీరువాలో ఉంటే తీసి, ఆ మట్టితో మూడో గొట్టం పెట్టింది.

మూడోది తేటగానే ఉండిపోయింది. మిగతా రెండూ దాని పక్కన నల్లగా కనిపించాయి.

"మరి ఇన్నాళ్లూ మనం పాస్ చేసినవన్నీ?" కెమిస్టు గొంతు తగ్గింది.

మట్టక్కకు బూడిద గుర్తొచ్చింది. ఆయుధాల గోదాము తగలబడినప్పుడు వీధంతా మెత్తగా రాలింది. మొక్కలకు మంచిదని తానే ఊడ్చి దొడ్లోని మళ్లలో చల్లింది.

ఇంటికొచ్చేసరికి దొడ్డి నిశ్శబ్దంగా ఉంది. ఆకుకూర నవనవలాడుతోంది. ఒక్క ఆకుకూ చిల్లు లేదు. ఎక్కడా ఒక్క చీమ లేదు. మడి మధ్యలో చెల్లెలి కూతురు కూర్చుని మట్టితో ఆడుకుంటోంది.

"ఏమైందక్కా, పాసేనా?" వంటింట్లోంచి కేకేసింది చెల్లెలు.

మట్టక్క పిల్లను ఎత్తి కుళాయి కిందకు తీసుకుపోయి గోళ్లు రుద్దసాగింది. పిల్ల ఏడుపు అందుకుంది. చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"ఒట్టి మట్టేగా, వదిలెయ్యవే! చర్మం లేచిపోతోంది."

మట్టక్క వదల్లేదు.