తడి ఆకు మీద బరువు

శ్రావణమాసంలో రెండో గురువారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు నేను నా కోడలి ల్యాప్‌టాప్ తీసి తడి తునికాకు మూట మీద పెట్టాను. గడియారం చూసే పెట్టాను. పదకొండింటికి ఆమెకు హైదరాబాద్ ఆఫీసు నుంచి కాల్ ఉందని నాకు తెలుసు. తను చేసిన పని తెర మీద చూపించి, వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాలి. అది బాగా జరిగితే నలుగురి మీద పెద్దగా వేస్తారు. వారం నుంచి ఇంట్లో ఆ ముచ్చట తప్ప వేరే ముచ్చట లేదు.

బోధన్ నుంచి వర్ని పోయే దారిలో ఉంటుంది మా ఊరు. మా ఆయన షక్కర్ ఫ్యాక్టరీలో సీజన్ పని చేసేవాడు. అది మూతపడ్డాక ఇల్లు నా పది వేళ్ల మీద నడిచింది. నేను బీడీలు చేస్తాను. ఆకును నానబెట్టి, తడి గోనెపట్టలో చుట్టి, పైన బరువు పెట్టాలి. అప్పుడే ఆకు సాపుగా ఉండి కత్తెరకు లొంగుతుంది. నలభై ఏళ్లుగా ఆ బరువు మా ఇంట్లో ఒక చెక్కపీట.

కోడలి మీద నాకెందుకు కుళ్లో చెబుతాను. మా బీడీల కార్ఖానాలో ఒక చెకర్ ఉండేవాడు. ఆయన కుర్చీలో, మేము నేల మీద. మేము చేసిన కట్టలు విప్పి, వేలితో నొక్కి చూసి, నచ్చనివి పక్కకు పారేసేవాడు. ఆయన పారేసినవాటిలో సగం మంచివే. ఆ సంగతి ఆయన కళ్లకంటే నా వేళ్లకే బాగా తెలుసు. ఆయనకు చూపు తగ్గి మానేసినప్పుడు లెక్కలు రాసే మున్షీ దగ్గరికి పోయి, ఆ పని నేను చేస్తానని అడిగాను.

“సంతకం రానిదానివి, చెకర్ అయితవా? బుక్కుల ఎవలు రాస్తరు, నీ బొటనవేలా?” అన్నాడు.

ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయను మరి.

యాభై దాటాక సంఘం ఆడవాళ్లతో కూర్చుని అక్షరాలు దిద్దాను. బుక్కులో పేర్లు రాసే చెయ్యి వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

తర్వాత ఈ పిల్ల కోడలిగా వచ్చింది. డిచ్‌పల్లిలో చదువుకుంది. వారంలో రెండు రోజులు నిజామాబాద్ ఆఫీసుకు పోతుంది, మిగతా రోజులు మా వసారాలో బల్ల వేసుకుని పని చేస్తుంది. వచ్చిన కొత్తలో అడిగాను.

“దినమంత గా పెట్టె ముందట ఏం జేస్తవే?”

“వేరేటోళ్లు జేసిన దాంట్ల తప్పులు పట్టుకుంట అత్తమ్మ. నేను సరే అన్నంకనే అది బయటికి పోతది.”

“అంటే చెకర్‌వన్నట్టు.”

“ఆ, గట్లనే అనుకో.”

నేను అడిగి నవ్వులపాలైన కుర్చీ, ఈమె అడగకుండానే నా ఇంటికే తెచ్చుకుని, నా ఫ్యాను కింద వేసుకుని కూర్చుంది. వాడకట్టు ఆడవాళ్లు అంతకుముందు నా గడపలో కూర్చుని నన్ను పలకరించేవారు. ఇప్పుడు ఫోన్లు పట్టుకుని వచ్చి, “నీ కోడలున్నదా?” అని అడుగుతున్నారు. ఉంది. ఉండక యాడికి పోతుంది.

ఆ గురువారం ఆమె తలస్నానానికి పోయింది. నల్లటి పెట్టె మూసి బల్ల మీద ఉంది. వెడల్పుగా, పీటంతే ఉంది. తీసి మూట మీద పెట్టి, పైన కత్తెర, ఆకు కొలిచే రేకు కూడా పెట్టాను. నీళ్లు కారుతున్న గోనె అది.

ఆమె వచ్చి చూసి పరుగున తీసింది. తుడిచింది, తెరిచింది. తెర నల్లగానే ఉంది. నా కొడుకు లోపలి నుంచి వచ్చాడు.

“అవ్వా, గిదేం పనే? పీట యాడవోయింది?”

“నాకేం ఎర్క? కనవడలే. బరువుంది గదా అని వెట్టిన. నీళ్లు వోతే ఖరాబైతదని నాకెవలు చెప్పిండ్రు?”

నాతో బీడీలు చేసే పక్కింటామె కత్తెర ఆపింది. “అక్కా, ఆకు నానితే కత్తిరిస్తం. గిది నానినంక ఏం జేస్తవ్?” అంది. ఎవరూ నవ్వలేదు.

కోడలు నా వైపు చూసింది. నా మొహంలోకి కాదు, నేను కూర్చున్న చోటుకి చూసింది. తర్వాత ఫోన్ తీసుకుని మూలకు పోయింది.

“సార్, ల్యాప్‌టాప్ మీద నీళ్లు పడ్డయి. నా తప్పే, జాగ్రత్తగ పెట్టలేదు. తెర మీద చూపియ్యలేను, నోటితోనే చెప్త. మీరు అడుగుండ్రి,” అంది.

అరగంట మాట్లాడింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఏ తప్పు ఎక్కడ పట్టిందో, ఎందుకు వెనక్కి పంపిందో, ఒక్క కాగితం చూడకుండా వరసగా చెప్పింది. జుట్టు నుంచి నీళ్లు కారి జాకెట్టు వీపంతా తడిసింది. ఎక్కడైనా తడబడుతుందేమోనని చెవి రిక్కించి విన్నాను. తడబడలేదు. మా అత్త కూడా ఇట్లాంటి పనే ఎరిగిన మనిషని ఒక్క మాట అంటుందేమోనని కూడా విన్నాను. అనలేదు. ఎందుకంటుంది?

ఫోన్ పెట్టేసి, “ఇచ్చిండ్రు,” అంది మొగుడితో. వాడు ఎగిరినంత పని చేశాడు. ఆమె నా దగ్గరికి వచ్చి వంగింది.

“జర లేస్తవా అత్తమ్మ. పీట మీదనే కూసున్నవ్. ఆకు మీద పెడత.”

లేచాను. పీట తీసి మూట మీద సర్ది పోయింది. ఆ తర్వాత ఇంతవరకు ఆ మాట ఎత్తలేదు. మొగుడికీ చెప్పలేదు. వాడు ఇప్పటికీ, “మా అవ్వకు తెల్వక చేసింది,” అని వచ్చినవాళ్లకు నవ్వుతూ చెబుతాడు.

తెలియక కాదు. తెలిసే చేశాను. ఆమె తప్పు తన మీద వేసుకుంది చూశారా, దాని మీద కూడా నాకు కుళ్లే. నన్ను అందరి ముందు పట్టించి ఉంటే నాలుగు మాటలు అనేదాన్ని, కడుపు చల్లబడేది. పట్టుకుని కూడా వదిలేసింది. మా చెకర్ ఒక్కనాడూ వదల్లేదు. అందుకే ఈ ఒక్కటీ నేనే బుక్కులో రాస్తున్నాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: నా కొడుకు. కత్తెర పట్టుకున్న పక్కింటామె. ఫోన్‌లో, మొహం కనబడని ఆఫీసు సారు. తడి తలతో నిలబడ్డ నా కోడలు. పీట మీద నేను.