సెలవా, నడిపింపా

"అత్తమ్మా, నాకు నడిపింపు అచ్చింది. రేపు నువ్వు కంటి ఆపరేషన్‌కు పోవాలె."

"నడిపింపు నీకొస్తే కోత నా కంటికా?"

"ప్రార్థన చేస్తుంటే మనసు నెమ్మదైంది. దేవుడు గట్లనే చెప్తడు."

"నువ్వు నోరు మూసుకుంటే నాకు సుత నెమ్మదైతది."

నా కోడలు ప్రార్థనకు పోయే మనిషి. నడిపింపు అనే మాట జనగామలోని పుట్టింటి నుంచి తెచ్చుకుంది. పసులను నడిపిస్తారు, బస్సును నడిపిస్తారు. దేవుడు మనిషిని ఎట్లా నడిపిస్తాడో మూడో తరగతితో బడి మానేసిన నాకు అర్థం కాలేదు. మేం కురవి వీరన్నను మొక్కేవాళ్లం. మాకు తెలిసిన మాట సెలవు. బర్రెను అమ్మాలన్నా ఆయన సెలవు అడిగేవాళ్లం. తెల్ల చామంతి ఒకటి, పసుపు చామంతి ఒకటి వేరువేరు ఆకుల్లో చుట్టి పటం ముందు పెట్టి, కళ్లు మూసుకొని ఒక పొట్లం తీయాలి. పసుపు వస్తే పో, తెలుపు వస్తే ఆగు. రెండో పొట్లం విప్పకూడదు, బావిలో వేయాలి.

ఇంకా ఆలస్యం చేస్తే చూపు తిరిగి రాదని డాక్టర్ చెప్పి ఉన్నాడు. కోత అంటే నాకు భయం. ఆ మాట కోడలితో అనలేదు. సాయంత్రం పటం ముందు కూర్చొని ఒక పొట్లం తీసి విప్పాను. కళ్లలో పొర కమ్మి కొన్నాళ్లుగా నాకు తెలుపు కూడా పసుపుగానే కనిపిస్తోంది. కొడుకు పని మీద భూపాలపల్లిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది కోడలొక్కతే. పిలిచాను.

"ఇది ఏ రంగు?"

"పసుపు."

"అబద్ధమాడకు."

"అబద్ధమాడితే నా దేవుడు ఊకుంటడా?"

"నువ్వు నమ్మని పువ్వు సంగతి నీకెందుకు?"

"నువ్వు అడిగితివి గద అత్తమ్మా. నమ్ముమంటే నమ్మ, చూడుమంటే చూస్త."

రెండు పువ్వులూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుందేమోనని రెండో పొట్లం మీదికి చెయ్యి పోయింది. మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆమె నిజమే చెప్పి ఉంటే వీరన్న, ఆమె దేవుడు ఒకే మాట మీద ఉన్నట్టు. అబద్ధం చెప్పి ఉంటే, ఆమెతో ఆ అబద్ధం ఎవరు ఆడించినట్టు? ఎంత ఆలోచించినా తెగలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. వెనకట బర్రెను అమ్మేటప్పుడు రెండుసార్లు తెల్ల పువ్వే వచ్చింది. మళ్లీ చుట్టి, మూడోసారి పసుపు వచ్చాకే లేచాను. దాన్ని కూడా సెలవు అనే ఊరంతా చెప్పుకున్నాను. అది దేవుడి మాటో, నా మొండితనమో ఇవాళ్టికీ తెలియదు. ఈసారి మాత్రం రెండోసారి చుట్టబుద్ధి కాలేదు. రెండో పొట్లాన్ని విప్పకుండానే బావిలో వేశాను.

మర్నాడు పొద్దున ఇద్దరం ఆటోలో మానుకోట దవాఖానకు పోయాం. కోడలు నా పేరు రాయించింది. మధ్యాహ్నం నా ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు.