తడి మూట

నేను పనిచేసే గదికి రెండు కిటికీలు. ఒకదాంట్లోంచి రక్తం అంటిన ఆపరేషన్ సామాను లోపలికి వస్తుంది. ఇంకోదాంట్లోంచి అదే సామాను శుభ్రమై, ఆవిరి మీద కాగి, గుడ్డలో చుట్టిన సెట్లుగా థియేటర్‌కు పోతుంది. రోగి ముఖం మాత్రం మాకు కనబడదు. ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టు వాళ్ళు నన్ను నర్సమ్మ అనుకొని జ్వరం గోలీలు అడుగుతుంటారు. కాదమ్మా, నేను సామాను శుద్ధి చేస్తానని చెబితే, అంటే దవాఖానలో గిన్నెలు తోముతావా అని ముఖం మీదే అడిగిన మహాతల్లులున్నారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అవునని, వాళ్ళ గిన్నెలకన్నా బాగానే తోముతానని చెప్పి నా దారిన నేను పోతాను.

పనిలో చేరినప్పుడు ముందు మాటలు నేర్పారు. శుభ్రం వేరు, స్టెరైల్ వేరు. కంటికి మురికి కనబడకపోతే శుభ్రం. కంటికి కనబడని క్రిమి కూడా బతికి లేకపోతేనే స్టెరైల్. రక్తనాళాన్ని నొక్కి ఆపేది క్లాంప్. కోసినచోట కండను పక్కకు జరిపి పట్టేది రిట్రాక్టర్. ఆ తర్వాత ఒంటి పాఠాలు మొదలుపెట్టారు, ఏ ఎముక ఎక్కడ, ఏ అవయవం దేని కింద అని. కడిగేవాళ్ళకు ఎముకలెందుకని నోరు ఊరుకోక అడిగాను. మా ఇన్‌ఛార్జ్ మేడమ్ కోప్పడలేదు. వేలంత రిట్రాక్టర్ ఒకటి, గరిటెంతది ఒకటి నా చేతిలో పెట్టి, ఏది పొట్టకు, ఏది అరచేతికి చెప్పమంది. అప్పటినుంచి సామాను వంపు చూస్తే అది వెళ్ళే చోటు నాకు కనబడటం మొదలైంది. మనిషి ఒంటిని లోపలినుంచి ఒక్కసారీ చూడకుండా, ఇనుము ఆకారాన్ని బట్టి నేర్చుకున్నదాన్ని నేను.

ఈ చదువుకు ఇంట్లో బలైంది మా అత్తమ్మ. మావి చేపలు పట్టే ఇళ్ళు. ఆమె మార్కెట్లో చేపలమ్మేది. వానాకాలం పచ్చివి, ఎండాకాలం ఎండువి. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకొని కూర్చోగానే నేను పుస్తకం పట్టుకొని తయారు. మొదట మా ఆయన మీద ప్రయత్నించాను కానీ, పక్కటెముకల దగ్గరకు వచ్చేసరికి ఆయన కితకితలంటూ పారిపోయాడు. అత్తమ్మ మాత్రం రాయిలాగా కూర్చునేది. తొడ మీద చెయ్యిపెట్టి ఫీమర్ అంటే, తొడను తొడ అంటే పరీక్షలో ఫెయిల్ చేస్తారా అని అడిగేది. అయినా విని విని కొన్ని ఆమెకూ పట్టుబడ్డాయి. మార్కెట్లో పక్కన కూర్చునే ఆమె మోకాళ్ళు గుంజుతున్నాయంటే, పటెల్లా అరిగినట్టుంది చూపించుకోమని చెప్పిందట. అత్త లేని కోడలుత్తమురాలని సామెత కట్టినవాళ్ళెవరో మా అత్తమ్మను చూసి ఉండరు. ఆమె ఉండబట్టే నేను ఆ పరీక్ష గట్టెక్కాను.

పోయిన వానాకాలం మార్కెట్లో చేపల నీళ్ళకు బండ జారి ఆమె పక్కకు పడింది. తొడ ఎముక పైకొస, తుంటి దగ్గర విరిగింది. నేను పనిచేసే హాస్పిటల్‌కే తెచ్చాం. లోపల కడ్డీ వేసి బిగించాలి, లేదంటే ఆమె మళ్ళీ లేచి నడవదు అన్నాడు డాక్టర్. అత్తమ్మ వద్దంది. చస్తే ఇంట్లోనే చస్తానంది. మా ఆయన బతిమాలాడు, ఆడబిడ్డ ఏడ్చింది, ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అందరూ బయటికి పోయాక నేను పక్కన కూర్చుంటే అసలు సంగతి చెప్పింది.

"ఎవనికో కోసిన కత్తి తెచ్చి నాకు పెడ్తరు. వాని రోగం నాకెందుకే?"

"గా కత్తి కడిగేది నేనే అత్తమ్మ."

ఆమె ఇటు తిరిగి నా ముఖంలోకి చూసింది. "నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

"గట్లయితె కానియ్యి."

అంతే. డాక్టర్ ఎక్స్‌రే చూపించి చెప్పినా వినని మనిషి నా చేతుల మీద నమ్మకంతో ఒప్పుకుంది. ఆ మాట నాకు గర్వంగానూ ఉంది, గుండెల్లో బరువుగానూ ఉంది.

ఆమె ఆపరేషన్‌కు వాడే సెట్ ముందురోజు నేనే కడిగాను. ప్రతి కత్తెరనూ క్లాంపునూ నోరు తెరిచి, కీలు సందుల్లో బ్రష్ పెట్టి, వెలుతురుకు పట్టి చూసి, రెండు పొరల గుడ్డలో చుట్టి ఆవిరి మిషన్‌లో పెట్టాను. పొద్దున తలుపు తీసి, సెట్ చల్లారాక చూస్తే, మూట మీద అంటించిన టేపు గీతలు నల్లబడి ఉన్నాయి. వేడి తగిలిందనడానికి అదే గుర్తు. చేతులకు ఎత్తుకున్నాను. కింద, అరచేయంత మేర, గుడ్డ తడిగా తగిలింది.

బరువు సామాను కదా, ఆవిరి నీరై అడుగున నిలిచిపోయింది. గుడ్డ పొడిగా ఉన్నంతసేపే అడ్డుగోడ. తడిస్తే బయటి క్రిమి ఆ తడి వెంటే లోపలికి పోతుంది. తడి మూట స్టెరైల్ కాదు. ఇది మాకు మొదటివారమే చెప్పిన పాఠం.

అదే సమయానికి థియేటర్ నుంచి ఫోన్. పేషెంట్ తయారుగా ఉంది, సెట్ పంపమని. ఆ రకం సెట్ మా దగ్గర ఇంకొకటి ఉంది కానీ, అది పక్క థియేటర్‌లో వాడకంలో ఉంది. మా అత్తమ్మ రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తెల్లవారకముందే చాయ్ పడకపోతే దేవుణ్ణైనా తిట్టే మనిషి. ఆలస్యమైందంటే తనను ఇంటికి తీసుకుపొమ్మంటుంది, తల్లి మాట జవదాటని కొడుకు తీసుకుపోతాడు, ఇక ఆమె జన్మలో లేచి నడవదు. టేపు గీతలు చూస్తే ఎవరైనా బాగానే ఉందంటారు. ఇంకోసారి చెయ్యిపెట్టి చూశాను, ఏమైనా ఆరిందేమోనని. ఆరలేదు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, మా పనిలో తొందరే విషం. మేడమ్‌ను పిలిచి చూపించాను. ఆమె ముట్టుకొని, తలాడించి, ఫోన్ తీసుకుంది. అవతల డాక్టర్ విసుక్కున్నది నాకూ వినబడింది.

సెట్ విప్పి, మొదటినుంచీ అన్నీ చేసి, ఈసారి బరువును రెండు మూటలుగా పంచి మిషన్‌లో పెట్టాను. ఆ తర్వాత బట్టలు మార్చుకొని, తిట్లు తినడానికి తయారై పైకి వెళ్ళాను.

అత్తమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఇంకా చాలాసేపు పడుతుందని చెప్పగానే కళ్ళు మూసుకుంది. అమ్మా ఇంటికి పోదామా అని మా ఆయన అననే అన్నాడు. ఆమె కళ్ళు తెరవకుండానే ఎందుకు ఆగిందని నన్నడిగింది.

"మూట తడిగ వచ్చింది అత్తమ్మ. నేనే ఆపిన."

ఆవిరి, గుడ్డ, క్రిమి, ఇవన్నీ ఎట్లా విడమరచి చెప్పాలా అని నేను వెతుక్కుంటుండగా ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఎండుచేప తడి ఉండంగనే మూట కడ్తె ఏమైతదిరా?"

ఆయన నోరు తెరిచేలోపే జవాబూ ఆమే చెప్పింది.

"పురుగు వడ్తది. గదే." ఆ తర్వాత నాతో అంది, "నువ్వు పొయ్యి మంచిగ ఎండవెట్టుకో. ఇరిగిన కాలుతోని నేనేడికి పోత?"

రెండోసారి మూటలు రెండూ పొడిగా వచ్చాయి. గుడ్డ మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసి చూసి పంపాను.

అప్పటినుంచి నేను చేయగలిగింది ఏమీ లేదు. మా గదిలోకి ఆపరేషన్ కబురు రాదు, వాడిన సామాను వస్తుంది. అది వచ్చిందంటే పైన పని ముగిసిందన్నమాట, ఎట్లా ముగిసిందో మాత్రం దాన్ని చూసి తెలియదు. వేరే సెట్లు కడుగుతున్నాను, కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. చివరికి థియేటర్ ఆయమ్మ మూత పెట్టిన డబ్బా తెచ్చి కిటికీలో పెట్టింది. నేను అడగకముందే ఆమే చెప్పింది.

"మీ అత్తకు నడుముకే మత్తు ఇచ్చిండ్రు గద, నోరు ఆగుతలేదు. చాయ్ ఎప్పుడు పోస్తరని డాక్టర్‌నే అడుగుతున్నది."

నువ్వు పైకి పో, ఇది నేను కడుగుతానని మేడమ్ వచ్చి పక్కన నిలబడింది. నేను వద్దన్నాను. రక్తం ఆరకముందే కడగాలి, అది ఒకటి. ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా ఎంత రక్తం పోయిందో, అందులో ఒక్క బొట్టు కూడా ఎవరిదో నాకు తెలియదు. ఇది తెలుసు. మూత తీసి, కత్తెరలు ఒక్కొక్కటే నోరు తెరిచి నీళ్ళ కింద పట్టాను. పలచబడి ఎర్రగా పారుతున్న ఆ నీళ్ళను చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆ గదిలో చెయ్యి ముఖం దగ్గరికి పోకూడదు. కన్నీళ్ళు తుడుచుకోకుండానే సెట్ మొత్తం కడిగాను.